చదరంగపు సంఖ్య: ఒక చంపకమాల, ఏడు ప్రధాన సంఖ్యలు

అందరికీ నమస్కారం.

లెక్కల గురించి మాట్లాడమని పిలిచారు. నేను పద్యంతో మొదలుపెడతాను. కంగారు పడకండి, ఈ పద్యమే ఇవాళ్టి లెక్క.

శరశశి షట్క చంద్ర శర సాయక రంధ్ర వియన్నగాగ్ని భూ
ధర గగనాబ్ధి వేద గిరి తర్క పయోనిధి పద్మజాస్య కుం
జర తుహినాంశు సంఖ్యకు...

ఇక్కడికి ఆపుతాను. చదరంగపు గళ్లలో రెట్టింపు చేస్తూ పోతే వచ్చే మొత్తం ఇదీ అని మిగతా పద్యం చెబుతుంది. పావులూరి మల్లన పేరుతో మనకు అందిన పద్యం ఇది. ఆయన రాజరాజనరేంద్రుడి కాలం వాడని, అంటే 11వ శతాబ్దం వాడని చెబుతారు. మహావీరాచార్యుడి సంస్కృత గణిత గ్రంథాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చినవాడు ఆయనే.

నాకు ఈ పద్యం మా నాన్నగారు నేర్పారు. ఆరో తరగతిలో ఉన్నాను. అర్థం తెలియకుండానే కంఠతా పట్టాను. తర్వాత ఒకరోజు పలక ఇచ్చి, ఒక్కో మాటకీ ఒక్కో అంకె రాయమన్నారు. శర అంటే బాణం. మన్మథుడి బాణాలు ఐదు, కాబట్టి 5. శశి అంటే చంద్రుడు, ఒక్కడే, 1. షట్కం 6. చంద్ర మళ్లీ 1. శర 5, సాయక అన్నా బాణమే, 5. రంధ్ర 9, మన శరీరానికి తొమ్మిది రంధ్రాలు కదా. తర్వాతి మాట దగ్గర తడబడ్డాను. "వియన్నగాగ్ని" ఒక్క మాటలా వినిపిస్తుంది కానీ మూడు మాటలు: వియత్, నగ, అగ్ని. వియత్తు ఆకాశం, అంటే శూన్యం, 0. నగ అంటే కొండ, కులపర్వతాలు ఏడు, 7. అగ్నులు మూడు, 3. భూధర కొండే, 7. గగనం 0. అబ్ధి సముద్రం, 4. వేదాలు 4. గిరి 7. తర్కాలు 6. పయోనిధి మళ్లీ సముద్రం, 4. పద్మజాస్య అంటే బ్రహ్మ ముఖాలు, 4. కుంజరం ఏనుగు, దిగ్గజాలు ఎనిమిది, 8. చివరికి తుహినాంశుడు, చల్లని కిరణాలవాడు, చంద్రుడే, 1.

పలక నిండా రాసి గర్వంగా చూపించాను: 51615590737044764481. మా నాన్నగారు ఒకసారి చూసి, "అంకానాం వామతో గతిః" అన్నారు. అంకెలు ఎడమవైపు నడుస్తాయి. మొదట చెప్పింది ఒకట్ల స్థానం, తర్వాత పదులు, తర్వాత వందలు. అలా తిరగేసి రాస్తే అసలు సంఖ్య వచ్చింది.

[బోర్డు మీద రాస్తూ]

18446744073709551615.

ఇరవై అంకెలు. దీన్ని మన పద్ధతిలో చదవాలంటే లక్షా ఎనభై నాలుగు వేల నాలుగు వందల అరవై ఏడు కోటి కోట్లు, ఆ పైన నలభై నాలుగు లక్షల ఏడు వేల మూడు వందల డెబ్బై కోట్లు, ఆ పైన తొంభై ఐదు లక్షల యాభై ఒక్క వేల ఆరు వందల పదిహేను.

కథ మీకందరికీ తెలుసు. చదరంగం కనిపెట్టినవాడు రాజుని కోరిన కోరిక: మొదటి గడిలో ఒక గింజ, రెండో దాంట్లో రెండు, మూడో దాంట్లో నాలుగు, ఇలా అరవై నాలుగు గళ్లకీ. ఆ కథని మన దేశానికి ముడిపెట్టే చెబుతారు. మల్లన కంటే కొంచెం ముందు, క్రీ.శ. 1000 ప్రాంతంలో, మధ్య ఆసియా పండితుడు అల్ బిరూనీ కూడా ఈ మొత్తాన్ని సరిగ్గా ఇదే సంఖ్యగా లెక్క కట్టి చూపించాడు. నాకు కథ కంటే సంఖ్య మీదే మక్కువ. "అమ్మో ఎంత పెద్దదో" అని కళ్లు పెద్దవి చేసుకుని వదిలేసే సంఖ్య కాదిది. విప్పి చూస్తే లోపల అద్భుతమైన పొందిక ఉంది. ఈ గంటలో అది మీకు చూపించాలని నా ఆశ.

ముందు గింజల సంగతి. మొన్న మా ఇంట్లో వంటింటి తూకం మీద 10 గ్రాముల సన్నబియ్యం పోసి, మా ఆవిడా నేనూ కూర్చుని లెక్కపెట్టాం. ఏడు వందల చిల్లర వచ్చాయి. గుండుగా కిలోకి 70 వేల గింజలు అనుకుందాం. ఇప్పుడు చదరంగం పలక మీద పోద్దాం. మొదటి వరస ఎనిమిది గళ్లు అయ్యేసరికి మొత్తం 255 గింజలు. పిడికెడు కూడా కాదు. రెండో వరస కూడా అయితే 65,535. ఇంకా కిలో నిండలేదు! రాజు నవ్వుకుని ఉంటాడు. మూడో వరసకి కోటీ 67 లక్షలు, దాదాపు 240 కిలోలు, రెండు బస్తాల పైన. నాలుగో వరసకి, అంటే సగం పలక నిండేసరికి, 429 కోట్ల 49 లక్షల 67 వేల 295 గింజలు. 61 టన్నులు. లారీలు కావాలి, అయినా రాజు ఇవ్వగలడు. మిగిలిన సగం పలకే రాజ్యాన్ని ముంచుతుంది. మొత్తం 26 వేల కోట్ల టన్నులు దాటుతుంది. ప్రపంచమంతా కలిపి ఇప్పుడు ఏడాదికి పండించే బియ్యం 50 కోట్ల టన్నుల పైచిలుకు. అంటే ఐదు వందల ఏళ్ల పంట.

ఈ 255, 65,535, 429 కోట్ల చిల్లర, వీటిని గుర్తు పెట్టుకోండి. మళ్లీ వస్తాయి.

మొత్తం ఎలా వచ్చింది? అరవై నాలుగు సంఖ్యలు కూర్చుని కూడాలా? అక్కర్లేదు. పలక పక్కన ఒక్క గింజ అదనంగా పెట్టండి. దాన్ని మొదటి గడిలో ఉన్న ఒక గింజతో కలపండి, రెండు. రెండో గడిలోనూ రెండే ఉన్నాయి, కలపండి, నాలుగు. మూడో గడిలో నాలుగు, కలపండి, ఎనిమిది. ఇలా ఒక్కో గడినీ మింగుతూ కుప్ప రెట్టింపవుతూ పోతుంది. అరవై నాలుగో గడి దాటేసరికి ఆ కుప్ప 2ను 64 సార్లు వేసి గుణించినంత, 2⁶⁴. మనం అదనంగా పెట్టిన గింజ తీసేస్తే అసలు మొత్తం 2⁶⁴ − 1. కూడిక లేదు, సూత్రం లేదు, ఒక్క అప్పు గింజ చాలు.

మరి 2⁶⁴ కట్టడానికి అరవై మూడు గుణకారాలు చేయాలా? అదీ అక్కర్లేదు. రెండుకు వర్గం నాలుగు. దాని వర్గం 16. దాని వర్గం 256. దాని వర్గం 65,536. దాని వర్గం 4294967296. దాని వర్గం 18446744073709551616. ఆరే ఆరు గుణకారాలు. రెండుని ఎన్నిసార్లు గుణించాలో ఆ 64ని సగం చేస్తూ, వర్గం చేస్తూ పోయే ఈ కిటుకు పింగళుడి ఛందశ్శాస్త్రంలో ఉంది. రెండు వేల ఏళ్ల నాటి మాట. ఛందస్సు పుస్తకంలో ఈ లెక్క ఎందుకొచ్చిందంటే, అక్షరం ఒక్కొక్కటీ లఘువో గురువో, రెండే దారులు. అక్షరాలు ఎన్ని ఉంటే రెండుని అన్నిసార్లు గుణిస్తే అన్ని రకాల పాదాలు. కంప్యూటర్ వాళ్లు సున్నా, ఒకటి అంటారు. మనవాళ్లు గురువు, లఘువు అన్నారు.

ఇక్కడ కాసేపు ఆగి పద్యం నడక చూద్దాం, ఎందుకంటే నాకు ఒళ్లు పులకరించే చోటు ఇదే. పద్యం చంపకమాల. న జ భ జ జ జ ర. పాదానికి 21 అక్షరాలు. 21 అక్షరాలతో మొత్తం 20,97,152 రకాల పాదాలు వస్తాయి. వాటన్నిటినీ ప్రస్తారం వేసి వరసగా రాస్తే చంపకమాల ఎన్నోది? మన లక్షణ గ్రంథాలు 7,11,600వ వృత్తం అంటాయి. ఎలా తెలుసు? గురువు ఉన్నచోట సున్నా వేయండి. మొదటి అక్షరం లఘువైతే 1, రెండోది లఘువైతే 2, మూడోదైతే 4, నాలుగోదైతే 8... చదరంగం గళ్ల మీద గింజల్లాగే! చంపకమాలలో లఘువులున్న చోట్ల గింజలు పోసి కూడితే 7,11,599 వస్తుంది. ఒకటి కలిపితే 7,11,600. ఇంటికెళ్లి చేసి చూడండి, పావుగంట పని. చదరంగపు సంఖ్యని చెప్పే పద్యానికి దాని నడకలోనే చదరంగపు లెక్క ఉంది.

ఇంకొకటి గమనించారా? భూధర అనే మాటని విరిచి "భూ"ని మొదటి పాదం చివర, "ధర"ని రెండో పాదం మొదట పెట్టాడు. కుంజరాన్ని కూడా అలాగే "కుం" ఇటు, "జర" అటు. ఎందుకు? ప్రాస కోసం. శర, ధర, జర. ప్రతి పాదంలో రెండో అక్షరం ర. యతి చూడండి: మొదటి పాదంలో శ కి సా, రెండో పాదంలో ధ కి త. ఇన్ని కట్టుబాట్ల మధ్య ఇరవై అంకెలు వాటి వరసలోనే, ఒక్కటీ చెదరకుండా పడాలి. నాలుగు అంకె నాలుగుసార్లు వస్తే నాలుగుసార్లూ వేరు వేరు మాటలు: అబ్ధి, వేద, పయోనిధి, పద్మజాస్య. ఏ చోట ఏ గణం ఇమిడితే ఆ మాట. ఒక్క అంకె ఎగిరిపోయినా గణం తప్పి చెవి పట్టేస్తుంది. తాటాకు మీద అంకె చెరిగిపోవచ్చు, పద్యం నోట్లో ఉంటే చెరగదు.

దీనికి పక్కన ఇవాళ్టి పని చెప్తాను. మన ఆఫీసుల్లో వాడే స్ప్రెడ్‌షీట్‌లో 2⁶⁴ − 1 కొట్టండి. గడి వెడల్పు చేసి అంకెలన్నీ చూపించమంటే 18446744073709600000 అని చూపిస్తుంది. పదిహేను అంకెలు మాత్రమే నిలుపుకుని మిగతా ఐదింటి చోట సున్నాలు పెట్టేస్తుంది. ఆ ఒకటి తీసేశామో లేదో కూడా దానికి తెలియదు. మల్లన పద్యంలో ఇరవైకి ఇరవై ఉన్నాయి.

సరే, ఇప్పుడు సంఖ్యని విప్పుదాం.

పైపైన చూస్తేనే కొన్ని తెలుస్తాయి. చివరి అంకె 5, కాబట్టి 5తో పోతుంది. అంకెలన్నీ కూడితే 87. అది 3తో పోతుంది, 9తో పోదు. కాబట్టి సంఖ్య కూడా అంతే. అంకెల్లో ఒక్క 2 కూడా లేదు, అదొక సరదా. మిగతా కారణాంకాలు దొరకాలంటే మళ్లీ పలక దగ్గరికే వెళ్లాలి.

పలకని సగానికి చూడండి. కింద 32 గళ్లు, పైన 32 గళ్లు. పై సగంలో ప్రతి గడీ, కింది సగంలో దాని జోడు గడికి 2³² రెట్లు. 33వ గడి మొదటి గడికి 2³² రెట్లు, 34వది రెండోదానికి అన్ని రెట్లే, అలా. అంటే పై సగం మొత్తం కింది సగానికి 2³² రెట్లు. రెండూ కలిపితే కింది సగం × (2³² + 1). అయిపోయింది! సంఖ్య రెండు ముక్కలైంది. ఇదే పని కింది సగానికీ చేయండి. 32 గళ్ల మొత్తం అంటే 16 గళ్ల మొత్తం × (2¹⁶ + 1). 16 గళ్లది 8 గళ్ల మొత్తం × 257. 8 గళ్లది 4 గళ్ల మొత్తం × 17. నాలుగు గళ్లది రెండు గళ్ల మొత్తం × 5. రెండు గళ్లలో ఉన్నవి 3.

ఇందాక గుర్తు పెట్టుకోమన్నవి చూడండి. మొదటి వరస 255 అంటే 3 × 5 × 17. రెండు వరసలు 65,535 అంటే 3 × 5 × 17 × 257. సగం పలక 4294967295 అంటే 3 × 5 × 17 × 257 × 65537. గళ్లు రెట్టింపైన ప్రతిసారీ ఒక్క కొత్త సంఖ్య వచ్చి చేరుతోంది. ఉల్లిపాయలా పొర మీద పొర.

3, 5, 17, 257, 65537. ఐదూ ప్రధాన సంఖ్యలే. వీటిని చూసి ఫ్రాన్స్‌లో ఫెర్మా అనే న్యాయస్థానపు అధికారి, గొప్ప గణితజ్ఞుడు, 1640లో ఇక ఈ వరసలో వచ్చేవన్నీ ప్రధాన సంఖ్యలేనని నమ్మాడు. తర్వాతది 2³² + 1, అంటే 4294967297. అప్పట్లో దీన్ని పరీక్షించడం అంత తేలిక కాదు. దాదాపు తొంభై ఏళ్లు ఆ నమ్మకం నిలిచింది. 1729 డిసెంబర్‌లో గోల్డ్‌బాక్ అనే గణితజ్ఞుడు ఒక ఉత్తరంలో ఈ సంగతి గురించి ఇంకో గణితజ్ఞుడు ఆయిలర్‌ని అడిగాడు. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఉన్న ఆయిలర్‌కి అప్పుడు పాతికేళ్లు కూడా లేవు. 1732 నాటికి జవాబు తెచ్చాడు: 4294967297 = 641 × 6700417. ఫెర్మా నమ్మకం తప్పింది.

641 ఎలా పట్టుకున్నాడు? ఈ సంఖ్యకి ప్రధాన కారణాంకం ఉంటే దాన్ని 64తో భాగించినప్పుడు ఒకటి శేషం రావాలని ఆయిలర్ తర్వాత నిరూపించాడు. అప్పుడు వెతకాల్సినవి ఎన్ని? అలాంటి ప్రధాన సంఖ్యలు వరసగా 193, 257, 449, 577, 641. ఐదో ప్రయత్నానికే దొరికింది! చీకట్లో గడ్డివాములో సూది వెతకడం మాని, ముందు సూది ఎక్కడ ఉండగలదో ఆలోచించడం అంటే ఇదీ.

641 నిజంగా భాగిస్తుందని, భాగహారం చేయకుండా చూపిస్తాను. ఇది తర్వాతి కాలం వాళ్లు నేర్పిన పద్ధతి. నాకు చాలా ఇష్టమైనది. గడియారంలో 13 గంటలంటే ఒంటిగంట అంటాం కదా, పన్నెండు దాటగానే మళ్లీ మొదటికి వస్తాం. అలాగే 641 దాటగానే మొదటికొచ్చే గడియారం ఒకటి ఊహించుకోండి. అందులో 641 అంటే సున్నా.

[బోర్డు మీద రాస్తూ]

641 అంటే 640 + 1. 640 అంటే 5 × 128, అంటే 5 × 2⁷. కాబట్టి మన గడియారంలో 5 × 2⁷ అంటే −1. దాన్ని దానితోనే నాలుగుసార్లు గుణించండి. ఎడమవైపు 5⁴ × 2²⁸. కుడివైపు −1 నాలుగుసార్లు, అంటే 1. ఇప్పుడు 641ని ఇంకో రకంగా చూడండి: 625 + 16. అంటే 5⁴ + 2⁴. కాబట్టి గడియారంలో 5⁴ అంటే −2⁴. దాన్ని ఇందాకటి 5⁴ చోట పెట్టండి. −2⁴ × 2²⁸, అంటే −2³², ఒకటికి సమానం. అంటే 2³² + 1 సున్నా. గడియారంలో సున్నా అంటే 641తో నిశ్శేషంగా పోతుందన్నమాట.

నాలుగు లైన్లు. 429 కోట్ల సంఖ్యని ముట్టుకోనే లేదు. ఒకే 641ని 640 + 1 గానూ 625 + 16 గానూ రెండు వైపుల నుంచి చూశాం, అంతే. వెనక బెంచీల్లో అర్థం కానివాళ్లు సిగ్గుపడకుండా చెయ్యెత్తండి, మళ్లీ చెప్తాను. దీని కోసం ఎంతసేపైనా ఆగుతాను.

[మళ్లీ ఒకసారి వివరించారు]

6700417 ఇక విడిపోదు, అది ప్రధాన సంఖ్యే. కాబట్టి చదరంగపు సంఖ్య పూర్తిగా విడిపోయింది:

3 × 5 × 17 × 257 × 641 × 65537 × 6700417.

ఏడు ప్రధాన సంఖ్యలు. ఏదీ రెండుసార్లు రాలేదు. ఒక్కోదాన్ని తీసుకోవచ్చు, మానవచ్చు. మళ్లీ లఘువు గురువు లాంటి లెక్కే. కాబట్టి ఈ సంఖ్యని నిశ్శేషంగా భాగించేవి, ఒకటినీ తననీ కలుపుకుని, 2⁷, అంటే 128.

సగం పలక సంఖ్య, 4294967295, దానికి వేరే ఘనత ఉంది. 1796 మార్చి 30న, పందొమ్మిదేళ్లు ఇంకా నిండని జర్మన్ గణితజ్ఞుడు గౌస్ ఒక సంగతి కనిపెట్టాడు: 17 సమాన భుజాల బొమ్మని కొలబద్ద, వృత్తలేఖిని మాత్రమే వాడి గీయవచ్చు. గ్రీకుల తర్వాత రెండు వేల ఏళ్లలో ఎవరికీ తట్టనిది. బేసి భుజాలైతే ఏ ఏ బొమ్మలు గీయవచ్చు? మన ఫెర్మా ప్రధాన సంఖ్యలు, 3, 5, 17, 257, 65537, వీటిలో వేరు వేరు వాటిని గుణిస్తే వచ్చే భుజాలు మాత్రమే. గీయవచ్చని గౌస్ చూపించాడు, ఇంకేవీ కుదరవని 1837లో వాంట్సెల్ అనే ఫ్రెంచి గణితజ్ఞుడు నిరూపించాడు. ఐదింటిలోంచి ఏరుకుంటే 31 రకాలు. 31 కూడా మొదటి ఐదు గళ్ల మొత్తమే, చూశారా! వాటిలో అన్నిటికన్నా పెద్దది ఐదింటినీ గుణిస్తే వచ్చేది, సరిగ్గా సగం పలక గింజలు, 4294967295. ఆరో ఫెర్మా ప్రధాన సంఖ్య ఇప్పటివరకు ఎవరికీ దొరకలేదు. 65537 భుజాల బొమ్మ ఎలా గీయాలో జర్మనీలో హెర్మెస్ అనే ఆయన పదేళ్లు కూర్చుని రాసి, 1894లో ముగించాడు. ఆ రాతప్రతి పెట్టె గొట్టింగెన్ విశ్వవిద్యాలయంలో ఉంది. ఇందులో ఏం లాభం అని కొందరు అడుగుతారు. ఆ పెట్టెని తలుచుకుంటే నాకు మాత్రం చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది.

కంప్యూటర్ గురించి చెప్పకపోతే పిల్లలు ఊరుకోరు. ఈ సంఖ్యని సున్నా, ఒకటి అనే రెండే అంకెలు వాడే పద్ధతిలో రాస్తే వరసగా అరవై నాలుగు ఒకట్లు. పద్యం లెక్కన చెప్పాలంటే అరవై నాలుగూ లఘువులే. మీ జేబులో ఫోన్ 64 బిట్లది, అంటే ఒకేసారి అలాంటి 64 అంకెలు పట్టుకునేది. రుణ సంఖ్యలు లేకుండా అది ఒక్క గుక్కలో పట్టగల అతి పెద్ద పూర్ణ సంఖ్య ఇదే. దానికి ఒకటి కలిపితే అన్నీ సున్నాలైపోతాయి, స్కూటర్ మీటర్ 99999 దాటినట్టు. సెకనుకి వంద కోట్ల చొప్పున సున్నా నుంచి లెక్కపెట్టుకుంటూ పోతే ఇక్కడికి రావడానికి 584 ఏళ్లు పడుతుంది.

1883లో ఫ్రెంచి గణితజ్ఞుడు ఎడ్వార్డ్ లూకా ఒక ఆట వస్తువు తెచ్చాడు. మూడు కడ్డీలు, చిన్నా పెద్దా బిళ్లలు. పెద్దదాన్ని చిన్నదాని మీద పెట్టకుండా ఒక కడ్డీ నుంచి ఇంకోదానికి మార్చాలి. దానికి తోడు ఒక కథ ప్రచారమైంది: కాశీలో ఒక గుడిలో పూజారులు 64 బంగారు బిళ్లలు మారుస్తున్నారని, ఆ పని పూర్తయితే లోకం అంతమవుతుందని. ఆ కథ కాశీలో పుట్టింది కాదు, ఫ్రాన్స్‌లో పుట్టింది. లెక్క మాత్రం నిజం. బిళ్ల పెరిగినప్పుడల్లా పని రెట్టింపై ఒకటి కలుస్తుంది. 64 బిళ్లలకి కావలసిన కదలికలు సరిగ్గా 18446744073709551615. సెకనుకి ఒకటి చొప్పున 58 వేల కోట్ల ఏళ్లకి పైమాట. విశ్వం వయసు 1380 కోట్ల ఏళ్లు.

ఇక చివరి సంగతి. ఇది ఏ పుస్తకంలోనూ చూసింది కాదు, ఈ ప్రసంగం కోసం రాసుకుంటుంటే తట్టింది. ఒక్క అంకె ఎగిరిపోతే చెవి పట్టేస్తుందన్నాను. ఎగిరిపోకుండా ఒక మాట మారితే? మొదటి మాట "శర" తీసి, ఏడుకి గుర్తుగా "గిరి" పెట్టి చూశాను. రెండూ లఘువులే, గణం కుదిరింది. రెండో అక్షరం రేఫే, ప్రాస కుదిరింది. కానీ యతి తప్పింది, గి కి సా తో మైత్రి లేదు. పద్యం కాపాడుకుంది అనుకున్నాను. తర్వాత ఏడుకి ఇంకో మాట గుర్తొచ్చింది, సప్తస్వరాలు. స్వర.

"స్వరశశి షట్క చంద్ర శర సాయక..." 

గణం సరిపోయింది. ప్రాస సరిపోయింది. స్వ కి సా, యతి కూడా సరిపోయింది. ఛందస్సు నోరెత్తలేదు. సంఖ్య మాత్రం మారింది, చివరి 5 పోయి 7 వచ్చింది.

[బోర్డు మీద రాస్తూ]

18446744073709551617.

ఇదేమిటో తెలుసా? 2⁶⁴ + 1. ఫెర్మా వరసలో 4294967297 తర్వాత వచ్చే సంఖ్య. అంకెలు కూడితే 89, 3తో పోదు. చివర 7, 5తో పోదు. అసలు మన ఏడు ప్రధాన సంఖ్యల్లో ఒక్కటీ దీన్ని భాగించదు. ఎందుకంటే రెండు సంఖ్యలకీ తేడా 2. రెంటినీ భాగించేది ఏదైనా 2నీ భాగించాలి, మన ఏడూ బేసివే. మరి ఇది ప్రధాన సంఖ్యా? కాదు. 1880లో, 82 ఏళ్ల వయసులో, లాండ్రీ అనే ఫ్రెంచి పెద్దాయన దీన్ని విడగొట్టాడు: 274177 × 67280421310721. చేతి లెక్కతో.

ఒక్క అక్షరం తేడా. శ ఉన్న చోట స్వ. ప్రశ్నలుంటే అడగండి. లేకపోతే సుద్దముక్క ఇక్కడ పెడుతున్నాను, ఎవరైనా వచ్చి చంపకమాలకి గింజలు పోసి 7,11,600 తెచ్చి చూపించండి.